ఏ వస్తాం?

పొద్దున్నే మా అమ్మ ఫోన్ చేసి, పేపర్లో మా రాకెట్ ఫోటో పడిందని, దాని ముందు నిలబడ్డ ఫ్లైట్ డైరెక్టర్ మరీ కుర్రాడిలా ఉన్నాడని మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ తప్పేం లేదు. పేపరువాళ్ళు రాసింది చదివింది, అంతే. ఫోటోలో ఉన్నవాడు ముఖేష్. వాడిప్పుడు కంట్రోల్ గదిలో కూర్చుంటున్న కుర్చీ స్వర్ణక్కది. అది ఆమె కింద నుంచి ఎలా లాగేశారో ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

నా పేరు మెహక్. మాది నాయుడుపేట. నాన్న కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. నేను ఈ తీరంలో రాకెట్లు ఎగరేసే ఒక ప్రైవేటు కంపెనీలో ట్రాకింగ్ బల్ల దగ్గర కూర్చుంటాను. ఎగిరిన రాకెట్ ఎక్కడుందో చూసి చెప్పడం నా పని. కంపెనీ పేరు చెప్పను. చెబితే నా పేరు కూడా ఇక్కడి ఉద్యోగుల పట్టీలోంచి చెరిగిపోతుంది.

స్వర్ణక్కది మొగపాళెం. సరస్సు వెళ్ళి సముద్రంలో కలిసేచోటుని మా వైపు మొగ అంటారు. దాని పక్కనే ఇసుక మీద ఉన్న చేపల ఊరు అది. తెలుగువాళ్ళెవరూ గడప దాటుతూ ‘పోతాను’ అనరు, ‘వెళ్ళొస్తాను’ అంటారు. మొగపాళెం వాళ్ళు అందులోంచి ఆ వెళ్ళడం కూడా తీసేశారు. పడవని నీళ్ళలోకి తోసి, ఇంటివైపు తిరిగి, ‘వస్తాం’ అంటారు. ‘పోతాం’ అన్న మాట సముద్రం చెవిన పడితే దాన్ని నిజం చేసి చూపిస్తుందని వాళ్ళ భయం. స్వర్ణక్క చిన్నప్పుడొకసారి పడవ దగ్గర నిలబడి ‘నాయనా, పోతా ఉండావా?’ అని అడిగిందట. వాళ్ళమ్మ పోలేరమ్మ అక్కడికక్కడే చెంప పగలగొట్టింది. ఆ రోజు ఆ పడవ నీళ్ళలో దిగలేదు.

రాకెట్ ఎగిరే రోజున ఆ తీరంలో సముద్రం మూసేస్తారు. కాలిపోయిన కింది భాగం ఊడి నీళ్ళలో పడుతుంది కాబట్టి ఆ మేర పడవలు ఉండకూడదు. పైనుంచి కబురొస్తే మొగపాళెం పెదకాపు, అంటే ఊరిపెద్ద, దురాయి వేసేవాడు. దురాయి అంటే ఊరి కట్టుబాటు. ఒకసారి వేశాక ఎంతటివాడైనా దాటకూడదు. ఆ రోజు ఊళ్ళో పొయ్యి మీద చారు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. చిన్నప్పుడు రాకెట్లను చూస్తే ఏమనిపించేదని ఒక టీవీ అమ్మాయి అడిగితే, స్వర్ణక్క ‘కోపం వచ్చేది’ అంది. టీవీలో ఆ ముక్క కోసేసి, ఆకాశం చూపించి, వేణువు వాయించారు.

ఆమెకి నక్షత్రాల మీద మోజు లేదు. మా నాయన సముద్రంలోకి దిగాలో వద్దో చెప్పే మనిషి ఎవరు? ఆమె బాధంతా అదే. పెదకాపుని అడిగితే ‘పైనోళ్ళు’ అన్నాడు. బళ్ళో లెక్కలు చెప్పే డెబోరా టీచరు మాత్రం, ఎక్కడో ఒక గది ఉంటుందనీ, అందులో ఒక మనిషి అందర్నీ అడిగి అవుననో కాదనో చెబుతుందనీ అంది. అయితే ఆ మనిషి మమ్మల్ని ఎందుకు అడగదు అంది స్వర్ణక్క. ఆ జవాబు కోసమే ఈమె లెక్కలు నేర్చుకుంది, ఇంజనీరింగ్ చదివింది, మా కంపెనీలో చిన్న ఉద్యోగంలో చేరి ఆ కుర్చీ దాకా వచ్చింది. చాలామంది ఇష్టంతో పైకొస్తారు. ఈమె కోపంతో వచ్చింది.

ఫ్లైట్ డైరెక్టర్ అంటే ఎర్ర బొత్తాం నొక్కే మనిషి అనుకుంటారు. ఆ బల్ల మీద బొత్తామే ఉండదు. గదిలో ఒక్కో బల్లకీ ఒక్కో సంగతి అప్పగిస్తారు. ఇంజిన్ ఒకరిది, గాలివాన ఒకరిది, ట్రాకింగ్ నాది, సముద్రం ఖాళీగా ఉందో లేదో చూసే రేంజి బల్ల ఇంకొకరిది. ఎగిరే ముందు ఫ్లైట్ డైరెక్టర్ వరసగా అందర్నీ అడుగుతుంది. ‘గో’ అనాలి, లేదా ‘నో గో’ అనాలి. ఎంత చిన్నవాడు ‘నో గో’ అన్నా రాకెట్ ఆగాల్సిందే. అందరూ ‘గో’ అన్నా ఆమెకి అనుమానం ఉంటే ఆగాల్సిందే. ఆమె కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా ఆమె మాట మీద ఇంకో మాట లేదు, కంపెనీ యజమానిదైనా సరే. ఈ నియమం మా అందరికీ తెలుసు. స్వర్ణక్క దీన్ని కూడా దురాయి అనేది.

ఆమెతో పని చేయడం సుఖంగా ఉండేదని నేను అబద్ధం చెప్పను. ఉత్త ‘గో’ అంటే ఒప్పుకునేది కాదు. ‘ఏం చూసి అంటన్నావు?’ అని అడిగేది. చూసింది చెప్పాలి, ఎవరు చెబితే విన్నామో చెప్పాలి, వాళ్ళన్న మాట వాళ్ళన్నట్టే చెప్పాలి. క్యాంటీన్లో ముఖేష్ ఇడ్లీ చేతిలో పట్టుకుని ‘ఏం చూసి దీన్ని ఇడ్లీ అంటన్నావు?’ అని ఆమె గొంతుతో అడిగేవాడు. అందరం నవ్వేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది. ముఖేష్ హైదరాబాద్ కుర్రాడు, చురుకైనవాడు. అప్పట్లో రేంజి బల్ల వాడిదే.

మా మొదటి పెద్ద రాకెట్ ఎగరాల్సిన రోజు కంపెనీ యజమాని హరినాథ్ గారు చుట్టాల్ని పెళ్ళికి పిలిచినట్టు పెద్దమనుషుల్ని పిలుచుకొచ్చారు. మా వెనక అద్దాల గదిలో వాళ్ళకి కుర్చీలు, జీడిపప్పు, చల్లటి మజ్జిగ. మధ్యాహ్నం నుంచి పైగాలి తిరగబడుతుందని, ఎగిరితే ఆలోపే ఎగరాలని గాలివాన బల్ల ముందే చెప్పింది. స్వర్ణక్క వరసగా అడుగుతూ వచ్చింది. ఇంజిన్ గో. గాలివాన గో. ఏం చూసి అంటున్నానో చెప్పి నేనూ గో అన్నాను. మిగిలింది రేంజి బల్ల.

ముఖేష్ గో అన్నాడు. రాడార్‌లో సముద్రం ఖాళీగా ఉందన్నాడు. అలలు లేచిన రోజున చిన్న ఫైబర్ పడవలు రాడార్‌కి సరిగ్గా ఆనవని గదిలో అందరికీ తెలుసు. అందుకే పడవల్ని రేడియోలో కూడా పిలుస్తాం. సముద్రంలో తిరిగి చూసే మా కాపలా పడవ ఇంకా ఉత్తరం వైపే ఉందని, కానీ దక్షిణాన ఉన్న ఆఖరి పడవతో కూడా రేడియోలో మాట్లాడానని, వెనక్కి రమ్మంటే వస్తామన్నారని వాడు చెప్పాడు.

స్వర్ణక్క కలం కింద పెట్టింది. “వాళ్ళన్న మాట చెప్పు,” అంది.

“సరేన్నా, వస్తాం అన్నారక్కా. తర్వాత రేడియో కట్టేశారు.”

“వస్తాం అన్నారా, వస్తా ఉండాం అన్నారా?”

ముఖేష్ నా వైపు చూశాడు. “రెండూ ఒకటే కదక్కా,” అన్నాడు.

“హోల్డ్,” అంది స్వర్ణక్క.

కౌంట్‌డౌన్ ఆగిపోయింది. నాది ఈ వైపే కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. వస్తా ఉండాం అంటే పడవ ముక్కు గట్టు వైపు తిప్పారని. ఉత్త వస్తాం అంటే సెలవు తీసుకున్నారని. పిలిచినవాడికి దండం పెట్టి సముద్రం లోపలికి పోయారని. కాపలా పడవని దక్షిణానికి పంపి చూసేదాకా కదిలేది లేదని ఆమె చెప్పింది.

అద్దాల గది తలుపు తెరుచుకుంది. అది తెరుచుకోకూడదు. హరినాథ్ గారు నేరుగా ఆమె కుర్చీ దగ్గరికి వచ్చి, రాడార్ ఖాళీ, అందరూ గో అన్నారు, పైగాలి తిరిగేలోపు వదలమన్నారు. మెల్లగానే అన్నారు, పళ్ళ సందుల్లోంచి. తను లేచేదాకా ఈ కుర్చీ తనదని, ఆయన అద్దాల వెనకే ఉండాలని స్వర్ణక్క చెప్పింది.

“ఒక్క మాట పట్టుకుని రాకెట్ ఆపుతావా?” అన్నారాయన.

“మాట కోసమే సార్ ఈ కుర్చీ వేసింది.”

ఆయన వెళ్ళలేదు. అక్కడే నిలబడ్డారు. అద్దాల వెనక పెద్దమనుషులు మజ్జిగ తాగుతూ చూస్తున్నారు. గాలి తిరగబడింది, ఆ రోజుకి ప్రయోగం లేదని ఆమే ప్రకటించింది. ఆ తర్వాత చాలాసేపటికి కాపలా పడవ నుంచి కబురొచ్చింది. రాకెట్ కింది భాగం ఊడి పడాల్సిన మేరలోనే ఒక పడవ దొరికింది. ఇంజిన్ కట్టేసి, వల దించి, ముగ్గురు మనుషులు సద్దన్నం తింటున్నారట. పడవ చెంచయ్యది. చెంచయ్య అంటే పోలేరమ్మ తమ్ముడు, స్వర్ణక్కకి సొంత మేనమామ.

మూడు ప్రాణాలు నిలిచాయి కదా, ఇప్పుడు ఆమెకి చేతులు జోడిస్తారనుకున్నాను. నా అంత వెర్రిదాన్ని నేనెక్కడా చూడలేదు. అది మామ పడవ అని ముందే తెలిసి ప్రయోగం ఆపిందని మధ్యాహ్నానికల్లా పుకారు లేచింది. పడవ దొరక్కపోతే పిచ్చిదని అనేవాళ్ళు, దొరికింది కాబట్టి చుట్టరికం అన్నారు. బొమ్మ పడినా బొరుసు పడినా ఓడేది ఆమే. పేపర్లకి మాత్రం సాంకేతిక కారణాలు అని చెప్పారు. సాంకేతికమట! ఒక తెలుగు మాట అర్థం కాకపోవడం ఏ సాంకేతికమో నాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడ ఊళ్ళో ఇంకో మంట. పోలీసులు చెంచయ్య పడవని పట్టుకుని ఇంజిన్ విప్పి పెట్టుకున్నారు. మన పిల్లే మన పడవని పట్టించిందని మొగపాళెం మండిపడింది. చేపల వేలంపాట దగ్గర పోలేరమ్మ గంపని ఎవరూ తాకలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది మా అక్క బతుకు. ఆ ఆదివారం ఊరు కూడుతుందని తెలిసి నేను కూడా ఆమెతో వెళ్ళాను.

వలలు ఆరేసే పాక ముందు ఇసుకలో మగవాళ్ళు కూర్చున్నారు. దురాయి సభలో ఆడవాళ్ళు వెనక నిలబడి వినాలే గానీ మాట్లాడకూడదు. స్వర్ణక్క చెప్పులు విడిచి నేరుగా మధ్యలోకి నడిచింది. పెదకాపు హజరత్తయ్య చెయ్యి ఎత్తి ఆపబోయాడు. ఆమె ఆగలేదు.

చెంచయ్యే ముందు నోరు తెరిచాడు. “నేను అబద్ధం చెప్పినానా అమ్మణ్ణీ? రమ్మన్నారు, వస్తాం అన్నా. నీళ్ళ మీద నిలబడి పోతాం అంటామా?”

“ఆ మాటకి రెండు మొహాలని నీకు తెలుసు మామా. తెలిసే అన్నావు. ఆ పిల్లోడు ఒక మొహమే చూసినాడు. నేను ఆ గదిలో లేకపోతే నీ నెత్తిన ఇనుము పడుండేది. అప్పుడు మా అత్తకి ఏం చెప్పాల? మామ వస్తామన్నాడత్తా, ఇంకా రాలేదు అని చెప్పాల్నా?”

వెనక నిలబడ్డ ఆడవాళ్ళలోంచి చెంచయ్య భార్య ఏడుపు వినిపించింది. స్వర్ణక్క కోపం ఇంకా దిగలేదు. దురాయి వేసి కళ్ళు మూసుకునే పెద్దల్ని నిలదీసింది. పడవలు తెల్లారకముందే దిగుతుంటే తెలియనట్టు పడుకునేదెవరని అడిగింది. సముద్రం మూసే రోజున ఊరి కడుపు సంగతి కంపెనీ ఎదుట ఎత్తాల్సింది పోయి, ఒక మాట చాటున దాక్కునే పిరికితనం ఎవరు నేర్పారని అడిగింది. చివరికి హజరత్తయ్య లేచి కొత్త దురాయి వేశాడు. రాకెట్ రోజున రేడియోలో ఎవరూ ఉత్త వస్తాం అనకూడదు. తిరిగొస్తుంటే వస్తా ఉండాం అనాలి, లేదంటే ఈడే ఉండాం అని నిజం చెప్పాలి.

తాతల నాటి మాటని ఆ ఊరు ఒక్క పూటలో మార్చుకుంది. బస్సులో తిరిగొస్తూ, ఇంక కంపెనీ ఏం మారుతుందో చూడాలి మెహకూ, అంది స్వర్ణక్క.

కంపెనీ మారింది. మరుసటి వారం హరినాథ్ గారు మీటింగ్ పెట్టి, సమన్వయం కోసం కొన్ని మార్పులు చేస్తున్నామన్నారు. ఫ్లైట్ డైరెక్టర్ ముఖేష్. స్వర్ణక్క రేంజి బల్లకి. పడవలవాళ్ళ భాష ఆమెకి బాగా వచ్చు కదా, అక్కడైతే ఆమె సేవలు చక్కగా వాడుకోవచ్చు అన్నారు. భాషట! అది ఆయన భాష కాదన్నట్టు. ముఖేష్ ఆ సాయంత్రం ఆమె దగ్గరికొచ్చి, ఈ కుర్చీ తను అడగలేదని చెప్పాడు. అడగలేదు సరే, వద్దని కూడా అనలేదు కదా అని నేను వాడితో గొడవ పెట్టుకున్నాను. అప్పటి నుంచి క్యాంటీన్లో మేమిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చోవడం లేదు.

ఎందుకు ఒప్పుకున్నావక్కా, రాజీనామా మొహం మీద కొట్టి రాకపోయావా అని ఆమెని కూడా తిట్టాను. “ఆ రోజు కూడా పడవలు నీళ్ళ మీద ఉంటాయి గదే. ఎవరో ఒకరు అడగాల గదా,” అంది.

నిన్న రెండోసారి ప్రయోగం జరిగింది. అదే అద్దాల గది, అవే జీడిపప్పులు. స్వర్ణక్క రేంజి బల్ల దగ్గర రేడియో పట్టుకుని ఒక్కో పడవనీ పేరు పెట్టి పిలిచింది. అన్నీ జవాబిచ్చాయి. ఆఖరున చెంచయ్య మిగిలాడు.

“మామా, ఏ వస్తాం?”

“వస్తా ఉండాం అమ్మణ్ణీ. మొగ కనపడతా ఉండాది.”

గదిలో ఒకరిద్దరు నవ్వారు. ఆమె కాపలా పడవని కూడా అడిగి రూఢి చేసుకుని, ముఖేష్ వరసగా అడిగినప్పుడు ఏం చూసిందో, ఏం విన్నదో మొత్తం చెప్పి, గో అంది. అందరూ గో అన్నారు. ఇంక మిగిలింది ఫ్లైట్ డైరెక్టర్ మాట. అప్పటికే హరినాథ్ గారు అద్దాల గదిలోంచి వచ్చి ముఖేష్ కుర్చీ వీపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డారు. ఈసారి ఆయన్ని ఎవరూ లోపలికి వెళ్ళమనలేదు. ముఖేష్ మైకులో మాట్లాడే ముందు తల ఎత్తి ఆయన మొహంలోకి చూశాడు. ఆయన తల ఊపారు. అప్పుడు వాడు గో అన్నాడు.

నేను స్వర్ణక్క వైపు చూశాను. ఆమె ఆ తల ఊపడాన్నే చూస్తోంది. కుర్చీ తన నుంచి పోయినందుకు ఆమె ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదు. కుర్చీ ఉంది కదా, దురాయి ఉంది కదా, ఎవరు కూర్చుంటే ఏం అనుకుంది. ఆ క్షణాన గదిలో మిగిలింది ఉత్త కుర్చీ. ఆమె చిన్నప్పుడు అడిగిన ప్రశ్నకి, పెదకాపు చెప్పిన జవాబే మళ్ళీ ఎదురొచ్చింది. పైనోళ్ళు.

రాకెట్ బాగా ఎగిరింది. కింది భాగం పడాల్సిన చోటే, ఖాళీ నీళ్ళలో పడింది. చప్పట్లు, కేకులు, ఫోటోలు. హరినాథ్ గారు దండలేసుకున్న పెళ్ళికొడుకులా తిరుగుతూ రేంజి బల్ల దగ్గరికి వచ్చి, ఆమెకి సరైన చోటు ఇదేనని, ఇక మీదట అన్ని ప్రయోగాలకీ ఇక్కడే ఉండమని దయ తలిచారు. స్వర్ణక్క హెడ్‌సెట్ తీసింది. దాని తీగని జాగ్రత్తగా చుట్టి బల్ల మీద పెట్టింది.

“పోతా ఉండా సార్,” అంది.

“ఆఁ, వెళ్ళమ్మా, రెస్ట్ తీసుకో,” అని ఆయన అతిథుల వైపు తిరిగారు.

నా చేతిలో కేకు ముక్క అలాగే ఉండిపోయింది. చెంప దెబ్బ తిన్న నాటి నుంచి ఆ మనిషి నోట ఆ మాట రాలేదు. సంతకం పెట్టిన రాజీనామా అయినా వెనక్కి తీసుకోవచ్చు గానీ మొగపాళెం మనిషి అన్న ఆ మాట వెనక్కి రాదు. అక్కా అని పిలిచాను. చప్పట్లలో వినబడలేదో, విని కూడా ఆగలేదో, తలుపు దాటి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు.

ఆ గోలలో రేంజి బల్ల మీద రేడియో ఇంకా మాట్లాడుతూనే ఉంది. అందరూ క్షేమంగా గట్టెక్కినామని చెంచయ్య చెబుతున్నాడు. అమ్మణ్ణీ, ఉండావా అని అడుగుతున్నాడు. ఎవరూ పలక్కపోతే నేనే వెళ్ళి ఆ హెడ్‌సెట్ చెవికి పెట్టుకున్నాను. నీళ్ళ మీద బతికే మనిషికి ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

“ఇక్కడ లేదు మామా. వస్తుంది,” అన్నాను.

గరగరలోంచి చెంచయ్య అడిగాడు.

“వస్తాదా, వస్తా ఉండాదా?”